సమస్యాపూరణం: రోగ మెక్కించుకొనె రాణి రోగమణఁగ

నిర్వాహకుడు: ఈ సమస్య తేటగీతి చివరి పాదం. సందర్భం రష్యా సామ్రాజ్ఞి రెండవ కేథరిన్. 1768 అక్టోబరు 12న (కొత్త పంచాంగం ప్రకారం 23) ఇంగ్లండు వైద్యుడు థామస్ డిమ్స్‌డేల్ మశూచి ముదిరి రాకుండా ముందే ఆమెకు మశూచి రసం (రోగి పొక్కులోని చీము) ఎక్కించాడు. పాదానికి ఒక సూర్యగణం, రెండు ఇంద్రగణాలు, మళ్లీ రెండు సూర్యగణాలు. యతి నాలుగో గణం మొదటి అక్షరానికి, ప్రాసయతీ చెల్లుతుంది. "కేథరిన్" అంటే ర-గణం. అది ఇంద్రగణం కాబట్టి విరగకుండా ఒకే గణంలో ఇమడాలంటే రెండో చోటో మూడో చోటో పెట్టుకోండి.

మొదటి పూరణ:
పొక్కు నుండి బాలుని మేని పూయ మెత్తి
భుజముపైఁ జిన్న గాటిడి పూసె వెజ్జు
ప్రజకుఁ దొలుతఁ దానై చూపె భయము వీడి
రోగ మెక్కించుకొనె రాణి రోగమణఁగ

నిర్వాహకుడు: చక్కని పూరణ, అభినందనలు. "చిన్న గాటు" అన్నది ఈ పద్యానికి ప్రాణం. అంతకుముందు వైద్యులు లోతుగా కోసేవారు. పుండు పెరిగి జబ్బు ముదిరేది. డిమ్స్‌డేల్ పద్ధతిలో సూదికత్తి మొనకంటిన కాస్త రసమే చర్మం పైపొరలోకి వెళ్తుంది. ఆ బాలుడు అలెగ్జాండర్ మార్కోవ్. తర్వాత అతనికి ప్రభువర్గ హోదాతో పాటు "ఓస్పెన్నీ" అనే ఇంటిపేరూ దక్కింది. రష్యన్‌లో "ఓస్పా" అంటే మశూచి. ఒక్క "దొలుత" దగ్గర చిక్కుంది. రాణి కంటే ముందే కొందరు సైనిక విద్యార్థులపై ప్రయోగం జరిగింది. "ప్రజకు దారిఁ దానై చూపె భయము వీడి" అంటే అర్థమూ యతీ రెండూ నిలుస్తాయి.

రెండవ పూరణ:
ఆవు పొదుగుపైఁ బొక్కుల యమృత ధార
చేత నింపించి ధీరయై చిరునగవున
రష్య జనులకుఁ దల్లియై రక్ష సేయ
రోగ మెక్కించుకొనె రాణి రోగమణఁగ

ఒక సభ్యుడు: ధార బాగుంది, గణాలూ యతులూ సరిపోయాయి. కానీ ఆవు ఇక్కడికి రాకూడదండీ. టీకా తెచ్చిన ఇంగ్లండు వైద్యుడు జెన్నర్ గోమశూచితో ప్రయోగం చేసింది 1796 మే నెలలో. రాణి ఆ ఏడాది నవంబరులోనే కన్నుమూసింది. ఈమెకు ఎక్కించింది మనిషి మశూచే. అందుకే ప్రమాదమూ ఉంది: ఎక్కించుకున్నవారికి నిజంగానే జబ్బు వస్తుంది, పక్కవారికీ అంటుతుంది. వికటిస్తే జనం వైద్యుణ్ణి వదలరని, అతను దేశం దాటడానికి దారిపొడవునా గుర్రాలను రాణి సిద్ధంగా ఉంచింది. "నింపించి" కూడా ఎక్కువే, పట్టేది చుక్కలో వంతు. నా సవరణ:
అమ్మవారు పోసిన బాలు నంటురసము
చేత నంటించి ధీరయై చిరునగవున

పూరణకర్త: ధన్యవాదాలండీ. జెన్నర్‌నే మనసులో పెట్టుకుని రాశాను. రష్యా కథలో "అమ్మవారు" అనవచ్చా?

అదే సభ్యుడు: పద్యం చదివేది తెలుగువాడు కదండీ. మశూచికి మన ఇళ్లలో ఉన్న మాట అదే.

మూడవ పూరణ:
పదియు నాల్గేండ్ల రెండవ పీటరు సనె
మూఁడవాని మోమున మచ్చ ముసరి నిలిచె
కన్నకొడుకుఁ గాపాడు సంకల్పమూని
రోగ మెక్కించుకొనె రాణి రోగమణఁగ

నిర్వాహకుడు: భావంలో మూడింటిలోకీ ఇదే మిన్న. రాజవంశాన్ని ఈ జబ్బు ఎలా పీడించిందో రెండు పాదాల్లో వచ్చేసింది. రెండవ పీటర్ 1730లో, పెళ్లికి నిశ్చయించిన రోజునే మశూచితో పోయాడు. కేథరిన్ భర్త మూడవ పీటర్ ముఖమంతా మచ్చలే. కొడుకు పావెల్‌కు అప్పుడు పద్నాలుగేళ్లు. తల్లి కోలుకున్నాకే అతనికీ ఎక్కించారు. మొదటి పాదంలో యతి తప్పింది. హల్లు కుదిరినా "ప"లోని అకారానికి "పీ"లోని ఈకారం చెల్లదు. "పిన్న వయసున రెండవ పీటరు సనె" అని మార్చండి.

పూరణకర్త: మార్చాను గురువుగారూ. "పదియు నాల్గేండ్ల" పోయినా "పిన్న వయసున"లో ఆ జాలి నిలిచింది.