డెబియన్ ఫైర్‌వాల్‌లో డీహెచ్‌సీపీ: పాత సిస్టమ్‌లకు ఐపీ ఉంది, కొత్తవాటికి రావట్లేదు

ల్యాబ్_గేట్‌వే:
నమస్కారం. కాలేజీ ల్యాబ్‌లో డెబియన్ 12 (లినక్స్) సర్వరే ఫైర్‌వాల్, డీహెచ్‌సీపీ (సిస్టమ్‌లకు ఐపీ అడ్రసులు పంచే పద్ధతి) ఇచ్చేదీ అదే. నెట్‌వర్క్ కార్డుల్లో ఈత్0 ప్రొవైడర్ వైపు, ఈత్1 ల్యాన్ వైపు, ల్యాన్ అడ్రస్ 192.168.10.1. మొన్నటిదాకా ఐఎస్‌సీ డీహెచ్‌సీపీ సర్వర్ నడిచేది. దాని నిర్వహణ 2022లోనే ఆపేశారు కాబట్టి తీసేసి, అదే పని చేసే డీఎన్‌ఎస్‌మాస్క్ పెట్టాం. ఎన్‌ఎఫ్‌టేబుల్స్ (లినక్స్ ఫైర్‌వాల్) రూల్స్ మాత్రం పాతవే, ముట్టుకోలేదు.

పాత సిస్టమ్‌లకు లీజు (గడువుతో ఇచ్చిన అడ్రస్) మామూలుగానే రెన్యూ అవుతోంది. కొత్త విండోస్ ల్యాప్‌టాప్ ఏది కలిపినా 169.254తో మొదలయ్యే అడ్రసే (సర్వర్ జవాబు రాకపోతే తనకు తానే వేసుకునేది) తీసుకుంటోంది. చేత్తో 192.168.10.220 ఇస్తే నెట్ వస్తోంది. ఈత్1 మీద టీసీపీడంప్ (పాకెట్లను చూపే టూల్) పెడితే అడ్రస్ అడిగే డిస్కవర్ పాకెట్లు కనిపిస్తున్నాయి, సర్వర్ జవాబుగా ఇవ్వాల్సిన ఆఫర్ ఒక్కటీ లేదు. లాగ్-డీహెచ్‌సీపీ ఆన్ చేసినా కొత్త మెషీన్ల గురించి లాగ్‌లో ఒక్క లైనూ పడట్లేదు. రేంజ్ 50 నుంచి 200, లీజు 12 గంటలు, డీహెచ్‌సీపీ-ఆథరిటేటివ్ (ఈ ల్యాన్‌కు డీహెచ్‌సీపీ సర్వర్ ఇదొక్కటే అని చెప్పే సెట్టింగ్) కూడా ఉంది. ఎక్కడ చూడాలి?

స్విచ్_రూమ్:
రెండు చూడండి. ఒకటి, స్విచ్‌లో స్పానింగ్ ట్రీ (నెట్‌వర్క్‌లో లూప్ పడకుండా చూసేది). కేబుల్ పెట్టాక పోర్ట్ తెరుచుకోవడానికి 30 సెకన్లు పడుతుంది, ఆలోపు క్లయింట్ విసిగి 169.254 వేసుకుంటుంది. క్లయింట్లున్న పోర్టులకు పోర్ట్‌ఫాస్ట్ (ఆ ఆలస్యం లేకుండా చేసే సెట్టింగ్) ఇవ్వాలి. రెండు, మీ రేంజ్‌లో ఉన్నవి 151 అడ్రసులే. ఫోన్లు ఒక్కో వైఫైకి ఒక్కో ర్యాండమ్ మ్యాక్ (కార్డు గుర్తింపు సంఖ్య) వాడతాయి కాబట్టి వచ్చిపోయేవాళ్ల ఫోన్లతోనే అది నిండిపోవచ్చు.

మూడో_లేయర్:
ఆ రెండూ కావండి. స్పానింగ్ ట్రీ అడ్డుకుంటే డిస్కవర్ ఈత్1 దాకా వచ్చేదే కాదు. అడ్రసులు అయిపోతే డీఎన్‌ఎస్‌మాస్క్ ఊరుకోదు, 'నో అడ్రస్ అవైలబుల్' అని లాగ్‌లో రాస్తుంది. ఇక్కడ లాగ్ ఖాళీ. అంటే పాకెట్ కార్డు దాకా వచ్చింది, ప్రోగ్రామ్ దాకా పోలేదు. టీసీపీడంప్ పాకెట్‌ను ఫైర్‌వాల్ రూల్స్ కంటే ముందే పట్టుకుంటుంది. అందులో కనిపించినంత మాత్రాన సర్వర్‌కు అందినట్టు కాదు.

అసలు తేడా మీరు మార్చిన సాఫ్ట్‌వేర్‌లోనే ఉంది. ఐఎస్‌సీ సర్వర్ డిస్కవర్‌ను రా సాకెట్ మీద, కార్డు దగ్గరే చదువుకునేది. ఎన్‌ఎఫ్‌టేబుల్స్‌లో డ్రాప్ ఉన్నా దానికి పట్టదు. డీఎన్‌ఎస్‌మాస్క్ మామూలు యూడీపీ సాకెట్ మీద 67వ పోర్ట్‌లో వింటుంది కాబట్టి ప్రతి రూల్ దాటుకుని రావాలి. మీ రూల్స్‌లో లోపం ముందునుంచీ ఉంది, ఇప్పుడు బయటపడింది. (ఐఎస్‌సీ వాళ్ల కొత్త సర్వర్ కియా పెట్టుకున్నా బయటపడేది కాదు, లినక్స్‌లో అదీ మామూలుగా రా సాకెట్టే వాడుతుంది.)

పాతవి ఎందుకు నడుస్తున్నాయంటే, రెన్యూ 192.168.10.x నుంచి నేరుగా 192.168.10.1కి పోతుంది. డిస్కవర్ అలా కాదు, సోర్స్ 0.0.0.0 (ఇంకా అడ్రస్ లేదు), చేరాల్సింది 255.255.255.255 (ల్యాన్‌లో అందరికీ). పాత సిస్టమ్ రీస్టార్ట్ చేసినా మొదట 0.0.0.0 నుంచే అడుగుతుంది. కానీ జవాబు రాకపోతే విండోస్ గేట్‌వేకి పింగ్ కొట్టి, అది పలికితే గడువున్న లీజునే వాడుకుంటుంది. అందుకే మీకు తేడా తెలియలేదు. పాత లీజుల ఫైల్ లేకున్నా రెన్యూ సాగడం ఆథరిటేటివ్ పుణ్యం. అది లేకుంటే 'లీజ్ నాట్ ఫౌండ్' అని నాక్ (తిరస్కరణ) వచ్చేది.

ఇన్‌పుట్ చైన్‌లో (సర్వర్‌కే వచ్చే పాకెట్లను చూసే రూల్స్ వరసలో) ఈ రూల్ చేర్చండి: ఈత్1 నుంచి వచ్చే యూడీపీ, సోర్స్ పోర్ట్ 68, డెస్టినేషన్ పోర్ట్ 67, యాక్సెప్ట్. సోర్స్ అడ్రస్ షరతు పెట్టొద్దు.

ల్యాబ్_గేట్‌వే:
చేర్చాను, అయినా అంతే. ఆ రూల్ కౌంటర్ సున్నా దగ్గరే ఉంది. ఉన్న రూల్స్ ఇవి. ప్రీరౌటింగ్ చైన్ (ఇన్‌పుట్ కంటే ముందు నడిచేది), ప్రయారిటీ -300: సోర్స్ అడ్రస్ 'బోగన్స్' (ఇంటర్నెట్ నుంచి రాకూడని అడ్రసులు) సెట్‌లో ఉంటే డ్రాప్. ఆ సెట్‌లో 0.0.0.0/8, 169.254.0.0/16, 224.0.0.0/4. ఇన్‌పుట్ చైన్: పాలసీ డ్రాప్ (ఏ రూల్‌కూ తగలనిది పోతుంది), 192.168.10.0/24 నుంచి వస్తే యాక్సెప్ట్, ఎస్టాబ్లిష్డ్ (ముందే మొదలైన కనెక్షన్లు) యాక్సెప్ట్.

పాకెట్_పరిశీలన:
దొంగ ఆ బోగన్స్ రూలే. ఏ కార్డు మీద అన్నది రాయలేదు కాబట్టి ల్యాన్ మీదా పనిచేస్తోంది. డిస్కవర్ సోర్స్ 0.0.0.0 కదా, ఇన్‌పుట్ చైన్ చేరకముందే పోతోంది. అక్కడ యాక్సెప్ట్ ఎన్ని రాసినా ఉపయోగం లేదు. ఎన్‌ఎఫ్‌టేబుల్స్‌లో యాక్సెప్ట్ ఆ చైన్ వరకే చెల్లుతుంది, డ్రాప్ మాత్రం ఎక్కడ తగిలితే అక్కడే అంతం. ఈ సెట్‌ను ఎవరో నెట్‌లోంచి తెచ్చి 192.168ను తీసేసి ఉంటారు. అది ఉంటే ల్యాబ్ మొత్తం ఆ రోజే ఆగేది.

బోగన్స్ రూల్ ముందు ఈత్0 షరతు పెట్టండి. మూడో_లేయర్ గారి రూల్ కూడా ఉండాలి, ఎందుకంటే 0.0.0.0 మీ 192.168.10.0/24 రూల్‌లోకి రాదు. మార్పు కమాండ్ లైన్‌లో మాత్రమే చేస్తే రీబూట్‌తో పోతుంది. ఈటీసీలోని ఎన్‌ఎఫ్‌టేబుల్స్ డాట్ కాన్ఫ్‌లో రాసి, ఎన్‌ఎఫ్‌టీ 'మైనస్ సీ'తో తప్పులు చూసుకున్నాకే లోడ్ చేయండి.

ఇంకా రాకపోతే ప్రయారిటీ -350తో (అంటే -300 కంటే ముందు నడిచేలా) తాత్కాలికంగా ఒక ప్రీరౌటింగ్ చైన్ పెట్టి, అందులో డెస్టినేషన్ పోర్ట్ 67కి ఎన్‌ఎఫ్‌ట్రేస్ 1 సెట్ చేసి, ఎన్‌ఎఫ్‌టీ మానిటర్ ట్రేస్ నడపండి. పాకెట్ ఏ రూల్ దగ్గర పడిపోయిందో పేరుతో సహా చెబుతుంది. పరీక్షించేటప్పుడు ఐపీకాన్ఫిగ్ రెన్యూ ఒక్కటే కొడితే చాలదు, లీజు ఉన్న మెషీన్‌లో అది యూనికాస్టే (నేరుగా సర్వర్‌కే) పంపుతుంది. ముందు రిలీజ్, తర్వాత రెన్యూ.

ల్యాబ్_గేట్‌వే:
వచ్చేసిందండి. లాగ్‌లో డిస్కవర్, ఆఫర్, రిక్వెస్ట్, యాక్ వరసగా పడుతున్నాయి. ఇద్దరికీ థాంక్స్. ఒక్క ప్రింటర్‌కు మాత్రం ఎప్పుడూ ఉండే 192.168.10.20 బదులు .87 వచ్చింది.

మూడో_లేయర్:
పాత కాన్ఫిగ్‌లో హోస్ట్ బ్లాక్‌గా ఉన్న రిజర్వేషన్ (ఒక మెషీన్‌కు ఎప్పుడూ ఒకే అడ్రస్) కొత్తదాంట్లోకి తెచ్చుకోలేదు. డీహెచ్‌సీపీ-హోస్ట్ లైన్‌లో ప్రింటర్ మ్యాక్, కామా, 192.168.10.20 రాయండి. 20 మీ రేంజ్ బయటున్నా ఫర్వాలేదు, అదే సబ్‌నెట్ అయితే చాలు. మెయిన్ కాన్ఫిగ్‌లో రాస్తే సిగ్‌హప్ సిగ్నల్ పంపడం సరిపోదు, డీఎన్‌ఎస్‌మాస్క్ రీస్టార్ట్ చేయాలి. ఆ తర్వాత ప్రింటర్ ఆపి మళ్లీ ఆన్ చేయండి.