పంచాయతీ పొలం అమ్మితే పన్ను లేనట్టేనా?

పెన్నా ఒడ్డు:
2012లో కోవూరు అవతల ఎకరా ఇరవై సెంట్లు కొన్నాను, వరి పొలం, అప్పటి నుంచీ కౌలుకే ఇస్తున్నాను. ఇప్పుడు మంచి బేరం వచ్చింది. మధ్యవర్తి ఏమో పంచాయతీ భూమి, పాస్ పుస్తకం ఉంది, పైసా పన్ను కట్టక్కర్లేదంటాడు. ఆడిటర్ ఏమో ఫోన్‌లో మ్యాప్ తెరిచి, నెల్లూరు కార్పొరేషన్ హద్దు నుంచి మా గట్టు దాకా వేలితో గీత గీసి తల అడ్డంగా ఊపాడు. నేను బండి మీద పోయి మీటరు చూస్తే హద్దు నుంచి ఎనిమిది కిలోమీటర్ల పైనే వచ్చింది. ఎవరి మాట నమ్మేది?

కావలి తమ్ముడు:
ఆడిటర్ మాటే నమ్ము అన్నా. పంచాయతీ అయినంత మాత్రాన వదిలేయరు, దగ్గర్లోని మున్సిపాలిటీ హద్దు నుంచి దూరం చూస్తారు, ఆ దూరం లోపలుంటే అమ్మిన లాభం మీద పన్ను పడుతుంది. ఆదాయపు పన్ను చట్టం ప్రకారం ఆ మున్సిపాలిటీ జనాభా 10 వేలు దాటి లక్ష లోపైతే 2 కిలోమీటర్లు, లక్ష దాటి 10 లక్షల లోపైతే 6, ఆ పైన 8. 2011 జనాభా లెక్కల్లో నెల్లూరు ఐదు లక్షలు, కాబట్టి నీకు 6. మా కావలి లక్షకు తక్కువ, మాకు 2. ఇక బండి మీటరు సంగతి మర్చిపో. 2013 ఫైనాన్స్ చట్టం వచ్చాక రోడ్డు దూరం కాదు, కాకి ఎగిరిన దూరమే లెక్క. వంతెన కోసం చుట్టు తిరిగిందంతా అందులోకి రాదు.

ఒంగోలు పెదనాన్న:
దూరం సంగతి ఒప్పుకుంటా. నా కోపం వేరే. హద్దు దాటి బయట ఉన్న పొలాలకు కూడా "నువ్వు లాభం కోసం కొన్నావు, రైతువి కాదు" అని మెలిక పెడుతున్నారు. చట్టం అడిగేది భూమి ఏమిటని, కొన్నవాడి మనసులో ఏముందని కాదు. కౌలుదారు దున్నినా అది వ్యవసాయమే. అడంగల్‌లో, అంటే ఊరి పంట రికార్డులో, వరి ఉంది, శిస్తు కట్టారు, ఇంకేం కావాలి?

లెక్కల మాస్టారు:
సగమే ఒప్పుకుంటాను పెదనాన్నా. అడంగల్ ఒక్కటే చాలదు. 1993లో సరీఫాబీబీ కేసులో రికార్డుల్లో వ్యవసాయ భూమే, శిస్తూ కట్టారు. కానీ ఇళ్ళకు అనుమతి తీసుకుని, గజం లెక్కన హౌసింగ్ సొసైటీకి అమ్మారు, అమ్మే ముందు నాలుగేళ్ళు సాగూ లేదు. సుప్రీంకోర్టు అది వ్యవసాయ భూమి కాదంది. మనూళ్ళో గజం బదులు అంకణం, అదే 72 చదరపు అడుగులది. ల్యాండ్ కన్వర్షన్ చేయించి, హద్దురాళ్ళు పాతి, అంకణాల్లో రేటు చెప్పి అమ్మి, తర్వాత పొలం అమ్మానంటే ఎవరు వింటారు? ఇక ఏటా రెండు బిట్లు కొని రెండు అమ్మేవాడిది వ్యాపారమని చూస్తారు, దాని లెక్క వేరు. ఎకరాల్లోనే, పంట ఉండగానే, ఒక్కసారి అమ్మిన మనిషి విషయంలో మాత్రం నేను మీ పక్షమే.

ఒంగోలు పెదనాన్న:
అంకణాల మాట నిజమే, అది నేను ఆలోచించలేదు. కానీ పన్నెండేళ్ళు కౌలు తిన్నవాణ్ణి వ్యాపారి అనడం అన్యాయం, ఆ మాట వెనక్కి తీసుకోను.

కావలి తమ్ముడు:
అన్నా, నీది 6 కిలోమీటర్ల లోపలే తేలితే మళ్ళీ పొలం కొన్నవాళ్ళకిచ్చే మినహాయింపు అడగొచ్చంటారు, తొందరపడకు. అమ్మడానికి ముందు రెండేళ్ళు నువ్వో మీ అమ్మానాన్నలో సాగు చేసి ఉండాలని ఉంది అందులో. కౌలుకిచ్చావు కాబట్టి తగువు వస్తుంది. 2024 జూలై 23కి ముందు కొన్న భూమి కనుక ఇండెక్సేషన్ (ధరల పెరుగుదలకు తగ్గట్టు కొన్న ధరను పెంచి లెక్కవేయడం) లేకుండా లాభం మీద 12.5 శాతం, ఇండెక్సేషన్‌తో 20 శాతం, రెండూ వేయించి ఏది తక్కువైతే అది కట్టు.

పెన్నా ఒడ్డు:
రాత్రి పొలం నాలుగు మూలలూ మ్యాప్‌లో పెట్టి చూశాను. తిన్నగా గీస్తే దూరపు మూల కూడా ఐదుంపావే. మధ్యవర్తికి ఫోన్ చేసి పన్ను పోను మిగిలేది లెక్క వేసుకుని రేటు చెబుతానన్నాను. డబ్బంతా బ్యాంకులోనే రావాలని కూడా చెప్పాను. ఆ మాటకి అతను కాసేపు ఏమీ మాట్లాడలేదు.