నాన్నగారి నడుం నొప్పికి ఎక్కువసేపు పనిచేసే మందు: డాక్టర్ని ఎలా అడగాలి?

ప్రశ్న (మారతహళ్ళి, బెంగళూరు)
అందరికీ నమస్కారం. మా నాన్నగారికి డెబ్బై దాటాయి. నడుం ఆపరేషన్ అయినా నొప్పి వదల్లేదు, ఎడమ కాల్లోకి లాగుతుంది. ట్రమడాల్, పారాసెటమాల్ కలిసిన బిళ్ళ పూటపూటా వేస్తున్నాం. రాత్రి పదింటికి వేసింది మూడింటికల్లా దిగిపోతుంది. ఇక తెల్లారేదాకా మంచం మీద కూర్చునే ఉంటారు. ఎక్కువసేపు పనిచేసే మందు అడుగుదామంటే, "మందుకి అలవాటు పడ్డాననుకుంటారమ్మా" అని ఆయనే వద్దంటున్నారు. ఎలా అడగాలి?

జవాబు (కె.ఆర్. పురంలో మందుల షాపు)
అమ్మా, "ఇంకా గట్టి మందు రాయండి" అనకండి. ఇక్కడ మాకు చెప్పినట్టే, రాత్రి మూడింటికి మందు దిగిపోయే సంగతి చెప్పండి. ఆ బిళ్ళ పనిచేసేదే 4 నుంచి 6 గంటలు. మూడింటికి మెలకువ రావడంలో నాన్నగారి తప్పేమీ లేదు. ఓ వారం పాటు బిళ్ళ వేసిన టైము, నొప్పి తిరగబెట్టిన టైము కాగితం మీద రాసి చూపిస్తే డాక్టరుకు విషయం వెంటనే అర్థమవుతుంది.

ట్రమడాల్‌లోనే ఎస్ఆర్ రకం ఉంది, మెల్లగా వదులుతూ సుమారు 12 గంటలు పనిచేస్తుంది. దాన్ని నూరకూడదు, నమలకూడదు. నూరితే పూటంతటికీ సరిపడే మందు ఒక్కసారే ఒంట్లోకి దిగుతుంది. మింగడం కష్టమైతే ముందే చెప్పండి. ఎస్ఆర్ రాస్తే పాత బిళ్ళ ఆపాలా, ఉంచాలా అన్నది కచ్చితంగా అడిగి తెలుసుకోండి. రెండూ వేసేస్తుంటారు, నాకు అదే భయం.

ట్రమడాల్‌ని 2018లో ఎన్‌డీపీఎస్ చట్టం (మత్తుపదార్థాల నియంత్రణ చట్టం) కిందికి తెచ్చారు. డాక్టరు ఆచితూచి రాస్తే నాన్నగార్ని అనుమానిస్తున్నారనుకోవద్దు.

జవాబు (జయనగర్)
కాల్లోకి లాగడంతో పాటు మంట, తిమ్మిరి ఉన్నాయా? ఉంటే ఆ మాట తప్పక చెప్పండి. నరం నొప్పికి ప్రెగాబాలిన్, డులోక్సెటిన్ లాంటివి ఆలోచిస్తారు, దారే మారిపోవచ్చు. డులోక్సెటిన్, ట్రమడాల్ కలిస్తే మాత్రం ప్రమాదం ఉంటుంది, ఫిట్స్ కూడా రావచ్చు. అందుకే వేరే డాక్టర్లు రాసిన చీటీలన్నీ పట్టుకెళ్ళండి.

మా అమ్మకి బుప్రినార్ఫిన్ పట్టీ (చర్మం మీద అంటించే నొప్పి మందు) రాశారు, ఒకటి అంటిస్తే 7 రోజులు. మొదటి రెండు మూడు రోజులు పూర్తిగా పట్టదు. పనిచేయలేదని రెండోది అంటించకూడదు. దాని మీద వేడినీళ్ళ సంచి పెట్టకూడదు, వేడికి మందు ఎక్కువగా లోపలికి పోతుంది. తీసేసిన పట్టీని జిగురు లోపలికి మడిచి పిల్లలకు అందకుండా పారేయాలి. మలబద్ధకానికి మందు మొదటిరోజే అడగండి, మా అమ్మ నిజంగా బాధపడింది దానితోనే.

ప్రశ్నించినవారు
తిమ్మిరి ఉందండీ, ఎప్పుడూ చెప్పలేదు. నిద్ర పట్టక అప్పుడప్పుడు అల్‌ప్రజోలం కూడా వేసుకుంటున్నారు.

జవాబు (కె.ఆర్. పురం)
అమ్మా, అది అన్నిటికంటే ముందు చెప్పండి. ట్రమడాల్ జాతి మందులతో నిద్రమాత్ర కలిస్తే మత్తు ముదిరి ఊపిరి మందగించవచ్చు, రాత్రిపూట తూలి పడనూవచ్చు. అలాగని రోజూ వేసుకునే అలవాటుంటే సొంతంగా ఒక్కసారే ఆపించకండి, రేపే ఫోన్ చేసి అడగండి. కిడ్నీ రిపోర్టు ఉంటే దగ్గర పెట్టుకోండి, మోతాదు దాన్నిబట్టి కూడా మారుతుంది. మీ డాక్టరు వెనకాడితే "పెయిన్ క్లినిక్‌కి రాసిస్తారా" అని అడగండి. పెద్దాసుపత్రుల్లో చాలావరకు ఆపరేషన్‌కి మత్తు ఇచ్చే డాక్టర్లే దాన్ని చూస్తారు.