చిన్న ఆన్‌లైన్ దుకాణం సహానుభూతిని భరించగలదా?

చర్చ ప్రారంభించినవారు: నోటుపుస్తకాలు అమ్మే సభ్యురాలు

చేతితో కుట్టిన నోటుపుస్తకాలను నేను ఒక చిన్న వెబ్‌సైటు ద్వారా అమ్ముతాను. తయారీ, ప్యాకింగు, కొన్నవారి ఉత్తరాలకు జవాబులు, అన్నీ నేనే చూసుకుంటాను. నిరుడు అమ్మకాలు మందగించినప్పుడు ఒక సలహాదారును సంప్రదించాను. ఆయన చెప్పినట్టే ప్రతి పుస్తకం పక్కన "ఈ తగ్గింపు మరో పదిహేను నిమిషాలే" అంటూ లెక్క తగ్గిపోయే గడియారం పెట్టాను. పేజీ తెరవగానే ఈమెయిలు అడిగే పాప్‌అప్ ఒకటి పెట్టి, దాన్ని మూసే బటన్ మీద "వద్దు, నాకు డబ్బు ఆదా చేసుకోవడం ఇష్టం లేదు" అని రాయించాను. గడియారం సున్నాకు చేరగానే మళ్ళీ పదిహేను నుంచి మొదలయ్యేది. అమ్మకాలు పెరిగిన మాట నిజం.

కొన్నాళ్ళకు ఒకామె ఉత్తరం రాశారు. తండ్రి పోయిన వారంలో, ఆయన ఉత్తరాలను ఒకచోట ఎత్తి రాసుకోవడానికి పుస్తకం కొందామని వచ్చారట; గడియారం చూసి కంగారుపడి తప్పు సైజు ఎంచుకున్నారట. ఆమె నన్ను ఒక్క మాట అనలేదు, మార్చి ఇవ్వగలరా అని మాత్రమే అడిగారు. ఆ రాత్రే గడియారాన్నీ, ఆ బటన్ మీది వాక్యాన్నీ తీసేశాను. ఆమెకు మరో పుస్తకం పంపి, మొదటిది వెనక్కి పంపనక్కరలేదని రాశాను. అప్పటి నుంచి ఆర్డర్లు తగ్గాయి, ఇంకా కోలుకోలేదు. చేసినది సరైనదేనని నమ్ముతున్నాను. అయితే ఒక్క మనిషి నడిపే దుకాణం ఈ నమ్మకం ఖరీదును ఎంతకాలం మోయగలదన్నదే నా ప్రశ్న.

చిన్న వ్యాపారాల లెక్కలు చూసే సభ్యుడు

అమ్మా, మీ మనసును నేను తప్పుపట్టడం లేదు. గడియారం చెప్పేది అబద్ధం కాబట్టి దాన్ని తీసేయడమే న్యాయం. నా అభ్యంతరం మీరు ఆ తర్వాత చేసినదాని మీద. ఉచితంగా రెండవ పుస్తకం పంపడమంటే ఒక పుస్తకం ఖర్చు, రెండవసారి తపాలా ఖర్చు, కుట్టడానికి పట్టిన మీ పూట, మూడూ మీ జేబులోంచే పోయినట్టు. పెద్ద సంస్థకు ఇలాంటి నష్టం వేల ఆర్డర్ల మధ్య సర్దుకుపోతుంది, మీకు సర్దుకోదు.

ఇంకొకటి కూడా ఆలోచించండి. ఉత్తరం రాసినామెకు మీ దయ దక్కింది. అదే గడియారం వల్ల అదే పొరపాటు చేసి, రాయడానికి మొహమాటపడి ఊరుకున్నవారికి ఏమీ దక్కలేదు. అడగగలిగినవారికే అందే సహానుభూతి మంచిదే కావచ్చు, కానీ న్యాయమైనది కాదు. అందుకే రిటర్న్ నియమాలను ఒకసారి స్పష్టంగా రాసి, అందరికీ ఒకే తీరుగా పాటించడం మేలని నా వాదన. పాప్‌అప్‌ను మాత్రం తీసేయవద్దంటాను. ఈమెయిలు జాబితా లేని చిన్న దుకాణం ప్రతి నెలా కొత్తవారిని మొదటి నుంచి వెతుక్కోవాల్సి వస్తుంది.

వెబ్ డిజైనరుగా పనిచేసే సభ్యురాలు

లెక్కలు చూసే సభ్యుల మాటల్లో నాకు అన్నిటికంటే విలువైనదిగా తోచింది ఆ న్యాయం సంగతి. అయితే అది ఆయన పక్షానికి కాక నా పక్షానికే బలమిస్తుందని అనుకుంటున్నాను. ఉత్తరానికి జవాబుగా చూపే దయ ఒక్కరికే చేరుతుంది, పేజీలోనే కుదిర్చిన దయ మౌనంగా వెళ్ళిపోయేవారికీ చేరుతుంది. ఆమె తప్పు సైజు ఎందుకు ఎంచుకున్నారు? గడియారం ఒక కారణం, సరే. మీ పేజీలో "ఏ5" అన్న పేరు, 148 × 210 మిల్లీమీటర్లన్న కొలత తప్ప మరేమీ లేకపోవడం రెండవ కారణమై ఉంటుందని నా అనుమానం. ఆ అంకెలు చదివి పుస్తకాన్ని కళ్ళ ముందు ఊహించుకోగలిగేవారు చాలా తక్కువ. అరచేతిలో పట్టుకున్న పుస్తకం ఫొటో ఒక్కటి పెడితే ఆ కొలత ఎవరికైనా అర్థమవుతుంది. ఆర్డరు ఇచ్చాక, మీరు ప్యాకింగు మొదలుపెట్టేలోగా సైజు మార్చుకునే వీలు కల్పిస్తే, రెండవ పుస్తకం పంపాల్సిన అవసరమే చాలాసార్లు రాదు. వెబ్‌సైట్ల వాడుక తీరును పరిశోధించిన జేకబ్ నీల్సన్ 1994లో క్రోడీకరించిన పది సూత్రాలలో పొరపాటును ముందే నివారించడం ఒకటి, చేసినదాన్ని తేలికగా వెనక్కి తీసుకోనివ్వడం మరొకటి. రెండూ మీ ఖర్చు తగ్గించేవే.

మీ సలహాదారు చెప్పిన ఎత్తుగడలకు హ్యారీ బ్రిగ్నల్ అనే డిజైన్ నిపుణుడు 2010లోనే "డార్క్ ప్యాటర్న్స్", అంటే వాడేవారిని మభ్యపెట్టే అమరికలు, అని పేరు పెట్టారు. భారతదేశంలో కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 2023 నవంబరు 30న విడుదల చేసిన మార్గదర్శకాలు ఇటువంటివాటిని 13 రకాలుగా గుర్తించాయి. లేని తొందరను సృష్టించడం వాటిలో ఒకటి, నిరాకరించేవారిని సిగ్గుపరచడం ఇంకొకటి. మీ గడియారం, మీ బటన్ మీది వాక్యం అచ్చంగా ఆ రెండే. పెద్ద సంస్థలు చేస్తున్నాయి కదా అని చిన్నవారు అనుకరించడం పులిని చూసి నక్క వాత పెట్టుకున్నట్టు ఉంటుంది. ఆ పెద్దలకైనా అది ఎల్లవేళలా చెల్లలేదు: పొరపాటున కొనిపించే బటన్ అమరికల విషయంలో వీడియో గేమ్‌లు తయారుచేసే ఎపిక్ గేమ్స్ సంస్థ కొనుగోలుదారులకు 24.5 కోట్ల డాలర్లు తిరిగి ఇవ్వడానికి 2022 డిసెంబరులో అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్‌తో ఒప్పందానికి రావలసివచ్చింది.

ఈమెయిలు జాబితా అవసరమేనన్నది ఒప్పుకుంటాను. అడిగే తీరు మారాలంతే. బ్రిటన్‌లో ఆన్‌లైన్‌లో పూలు అమ్మే బ్లూమ్ అండ్ వైల్డ్ సంస్థ 2019లో, మాతృదినోత్సవం గురించిన ఈమెయిళ్ళు ఎవరికైనా బాధ కలిగిస్తే వాటిని మాత్రమే ఆపుకునే వీలు కల్పించింది. అలా ఆపుకున్నవారు జాబితాలోంచి వెళ్ళిపోనక్కరలేదు. తల్లిని పోగొట్టుకున్నవారిని ఆ ఒక్క వారం పలకరించకుండా ఉండడం కూడా వ్యాపారంలో భాగమేనని వారు గ్రహించారు.

స్క్రీన్ రీడరుతో కొనుగోళ్ళు చేసే సభ్యుడు

పై చర్చ అంతా దుకాణదారు ఏమి భరించాలన్నదాని చుట్టూనే తిరుగుతోంది. కొనేవారి వైపునుంచి ఒక మాట చెప్పనివ్వండి. నాకు చూపు లేదు, పేజీలోని అక్షరాలను ఫోను చదివి వినిపిస్తే కొనుక్కుంటాను. ఇటీవల ఒక దుకాణంలో కార్ట్ దాకా సాఫీగా వెళ్ళాను. చిరునామా ఫారంలో మాత్రం గడుల పేర్లు గడి లోపలే లేత రంగులో రాసి ఉండి, టైపు చేయగానే మాయమైపోతున్నాయని తర్వాత తెలిసింది. నా ఫోను ప్రతి గడినీ "ఎడిట్ బాక్స్" అని మాత్రమే చదివింది. పిన్‌కోడు గడిలో ఫోను నంబరు రాశాను. తప్పు జరిగిన చోట గడి అంచు ఎర్రబడిందట, ఆ సంగతి నాకు ఎలా తెలుస్తుంది? మూడుసార్లు ప్రయత్నించి వదిలేశాను. ఫిర్యాదు కూడా రాయలేదు, ఎందుకంటే ఫిర్యాదు ఫారం కూడా అలాంటిదే. ఆ దుకాణం లెక్కల్లో నేను "కార్ట్ వదిలేసినవాడిని"గానే మిగిలి ఉంటాను.

వెబ్ ప్రమాణాలు రూపొందించే డబ్ల్యూ3సీ మార్గదర్శకాలు ఇటువంటి విషయాలన్నీ చెబుతాయి. గడికి పేరు ఉండాలి, తప్పును మాటల్లో చెప్పాలి, ఫొటోకు వర్ణన ఉండాలి, మామూలు సైజు అక్షరానికీ వెనుక రంగుకూ మధ్య తేడా కనీసం 4.5కి 1 నిష్పత్తిలో ఉండాలి. వీటిలో ఏ ఒక్కదానికీ ఉచితంగా రెండవ పుస్తకం పంపనక్కరలేదు. డిజైనరు గారు చెప్పిన అరచేతి ఫొటో పెట్టండి, కానీ దాని కింద "చాచిన చేతికన్నా కాస్త పెద్దది, గీతలు లేని కాగితం" అని రెండు ముక్కలు రాస్తే అది నాకూ ఫొటో అవుతుంది.

చిన్న వ్యాపారాల లెక్కలు చూసే సభ్యుడు

పై సభ్యుల అనుభవం చదివాక నా మాట ఒకటి సవరించుకోవాలి. కార్ట్ వదిలేసినవారిని నేను ఇంతకాలం మనసు మార్చుకున్నవారిగానే లెక్క వేశాను. వారిలో తలుపు తెరుచుకోనివారు ఎందరో నేను ఏనాడూ విడిగా చూడలేదు, అది నా లోపమే.

అయినా ఒక విషయంలో నా పట్టు సడలదు. సహానుభూతి అనగానే అర్ధరాత్రి దాకా ఉత్తరాలకు జవాబులు రాస్తూ, అడిగినవారందరికీ అవునంటూ అలసిపోయిన దుకాణదారులను చూశాను. వారిలో కొందరు చివరికి దుకాణమే మూసేశారు. ఎన్ని రోజుల్లో జవాబిస్తారో, ఏది వెనక్కి తీసుకుంటారో, ఏది తీసుకోలేరో తేలిక మాటల్లో ముందే చెప్పండి. "తీసుకోలేను" అని సూటిగా చెప్పడంలో నిర్దయ లేదు. రిటర్న్ ఇస్తామని రాసి, దాన్ని ఆరు పేజీల వెనుక దాచి, పొమ్మనలేక పొగబెట్టడమే నిర్దయ.

నోటుపుస్తకాలు అమ్మే సభ్యురాలు

అందరికీ కృతజ్ఞతలు. స్క్రీన్ రీడరు వాడే సభ్యుల మాటలు చదివి, నిన్న నా ఫోనులో ఆ సౌకర్యం ఆన్ చేసి, కళ్ళు మూసుకుని నా దుకాణంలోనే ఒక పుస్తకం కొనడానికి కూర్చున్నాను. చిరునామా దాకా కూడా వెళ్ళలేకపోయాను. ప్రతి ఫొటోనూ ఫోను ఏదో ఫైలు నంబరుగా చదివింది. ఈ వారం మొదట ఫొటోల వర్ణనలు, ఫారంలోని గడుల పేర్లు సరిచేస్తాను; ఆ తర్వాత ప్యాకింగుకు ముందు సైజు మార్చుకునే బటన్. పాప్‌అప్ తీసేసి, ఈమెయిలు అడిగే గడిని పేజీ చివరకు మారుస్తున్నాను. రిటర్న్ నియమాలను ఐదు వాక్యాల్లో రాసి ఇక్కడే పెడతాను, లెక్కలు చూసే సభ్యులు ఒకసారి చూడాలి. ఆ ఐదులో ఒకటి ఇంకా తేలలేదు: పొరపాటు కొన్నవారిదే అయినప్పుడు తపాలా ఖర్చు ఎవరు పెట్టుకోవాలి? సగం సగం అని రాద్దామనుకుంటున్నాను. మీరేమంటారు?