దుబాయ్‌లో విజిట్ వీసా మీద ఉద్యోగం వెతుకుతూ, తక్కువ ఖర్చులో ఊరు చూడటం ఎలా?

కోనసీమ_కామర్స్ అడిగిన ప్రశ్న

అందరికీ నమస్కారం. నవంబరులో 60 రోజుల విజిట్ వీసా మీద దుబాయ్ వస్తున్నాను. బీకాం చదివాను, ట్యాలీ, జీఎస్టీ పని వచ్చు. అకౌంట్స్ ఉద్యోగాలు చూసుకోవాలి. కరామాలో మా పిన్ని కొడుకు ఉండే ఫ్లాట్‌లోనే బెడ్ స్పేస్ (పంచుకునే గదిలో ఒక మంచం) దొరికింది. అద్దె పక్కన పెడితే తిండికీ తిరగడానికీ కలిపి రోజుకి 40 దిర్హాములు దాటకూడదని అనుకుంటున్నాను.

వచ్చిన పని ఉద్యోగమే. కానీ అంత దూరం వచ్చి గదికీ ఇంటర్వ్యూకీ మధ్యే తిరిగి వెళ్లిపోవాలని లేదు. అక్కడ మెట్రోకీ బస్సుకీ వాడే నోల్ కార్డులో ఏది తీసుకోవాలి, పాస్ గిట్టుతుందా? ఊరు చూడటానికి ఏ రోజులు పెట్టుకోవాలి? టికెట్ కొని చూడాల్సినవి ఏవి, వదిలేయాల్సినవి ఏవి? తెలియక చేస్తే జరిమానా పడేవి ఏమిటి? వివరంగా చెప్పగలరు.

కరామా_లెక్కలు

సిల్వర్ నోల్ కార్డు తీసుకోండి. 25 దిర్హాములు, అందులో 19 బ్యాలెన్స్‌గా ఉంటుంది. రెడ్ టికెట్ అని 2 దిర్హాములకే ఒక కాగితం కార్డు ఇస్తారు. చూడటానికి చౌక, కానీ దాని మీద ప్రతి ప్రయాణానికీ ఒక దిర్హాము ఎక్కువ పడుతుంది. 60 రోజులుండే మనిషికి అది దండగ.

ఇక్కడ ఛార్జీ కిలోమీటర్లను బట్టి కాదు, జోన్లను బట్టి. సిల్వర్ కార్డు మీద ఒకే జోన్‌లో తిరిగితే 3 దిర్హాములు, పక్కపక్కనున్న రెండు జోన్లకి 5, అంతకు మించితే ఎంత దూరమైనా 7.50. ఈ లెక్కలో కరామాలో మకాం మీకు బాగా కలిసొస్తుంది. అది 6వ జోన్. బుర్జ్ ఖలీఫా కూడా అదే జోన్ కాబట్టి 3 దిర్హాములతో పోతుంది. ఇటు డేరా, ఎయిర్‌పోర్టు 5వ జోన్, అటు ఇంటర్నెట్ సిటీ, మెరీనా 2వ జోన్. ఎటు వెళ్లినా 5 దిర్హాములే. అదే డేరాలో ఉండే మనిషికి మెరీనా వెళ్లిన ప్రతిసారీ 7.50 అవుతుంది.

అందుకే పాస్ వెంటనే కొనకండి. అన్ని జోన్లకీ ఏడు రోజుల పాస్ 110 దిర్హాములు. 5 దిర్హాముల ప్రయాణాలు వారంలో 22 దాటితే గానీ అది గిట్టదు, అంటే రోజుకి మూడుసార్లకు పైగా ఎక్కి దిగాలి. రోజూ వాక్-ఇన్‌లు (అపాయింట్‌మెంట్ లేకుండా నేరుగా వెళ్లే ఇంటర్వ్యూలు) ఉన్న వారం అయితే అప్పుడు ఆలోచించండి.

మెట్రో దిగి 30 నిమిషాల్లోపు బస్సు ఎక్కితే కొత్త ప్రయాణంగా లెక్కపెట్టరు, పాతదే కొనసాగుతుంది. ఇలా మూడుసార్లు మారవచ్చు. ఇక్కడ చాలామంది డబ్బు పోగొట్టుకునేది బస్సు దిగేటప్పుడు కార్డు ట్యాప్ చేయకపోవడం వల్ల. ఎక్కడ దిగారో మెషీన్‌కి తెలియదు కాబట్టి పూర్తి ఛార్జీ కోసేస్తుంది. కార్డులో 15 దిర్హాములకు తగ్గకుండా ఉంచండి. మెట్రో స్టేషన్ కౌంటర్‌లో రీఛార్జ్ చేయించాలంటే కనీసం 50 వేయించాలి. చిన్న మొత్తాలకి పక్కనే ఉన్న మెషీన్ వాడండి.

ఇంకొకటి, స్టేషన్ల పేర్లు కంపెనీలకి అమ్ముతారు, మారుతూ ఉంటాయి. మీ కరామా స్టేషన్ ఇప్పుడు ఏడీసీబీ. అల్ జాఫిలియా ఇప్పుడు మ్యాక్స్. గ్రీన్ లైన్‌లోని అల్ ఫాహిది ఇప్పుడు షరఫ్ డీజీ. ఒకప్పుడు షరఫ్ డీజీ అనే పేరు రెడ్ లైన్‌లో అల్ బర్షా దగ్గరి స్టేషన్‌కి ఉండేది. పాత అడ్రసు పట్టుకుని వెళ్తే ఊరికి అవతలి కొసన తేలతారు. ఇంటర్వ్యూ పిలుపు వస్తే స్టేషన్ పేరుతో సరిపెట్టుకోకండి, మ్యాప్ లొకేషన్ పంపమని అడగండి.

ఎడారి_జగిత్యాల

తమ్మీ, తిరుగుడు సంగతి తర్వాత, ముందుగాల తారీఖులు రాస్కో. వీసా అయిపోయినంక ఒక్క దినం ఎక్కువున్నా దినానికి 50 దిర్హాముల జరిమానా. పది దినాల గ్రేస్ ఉంటదని పాతోళ్లు చెప్తరు, దాన్ని నమ్ముకోకు. వచ్చేటప్పుడు రిటర్న్ టికెట్, ఉండే చోటు కాగితం చేతిల ఉంచుకో. పైసలు కూడ చూపియ్యమంటరు. నెల వీసాకు 3000 దిర్హాములు, అంతకు ఎక్కువ దినాలైతే 5000.

ఇక దినాల ముచ్చట. 2022 జనవరి సంది ఇక్కడ సెలవులు శని, ఆదివారాలు. శుక్రవారం సర్కారు ఆఫీసులు పగటీలికే బంద్ అయితయి, చానా కంపెనీలు కూడ అట్లనే. అందుకని సోమవారం నుంచి గురువారం దాకా ఊరు చూసుడు పెట్టుకోకు. పొద్దుగాల హెచ్‌ఆర్ నుంచి ఫోన్ వస్తది, పగటీలికి రమ్మంటరు. అప్పుడు నువ్వు అబుదాబి బస్సుల ఉంటే ఆ ఉద్యోగం ఇంకొకరికి పోతది. శుక్రవారం పగటీలి నుంచి ఆదివారం రాత్రి దాకా నీ ఇష్టం. ఆదివారం మెట్రో 5కు కాదు, 8 గంటలకు మొదలైతది, యాదికుంచుకో.

జరిమానాలు చెప్త. మెట్రోల తినుడు, తాగుడు 100 దిర్హాములు, చూయింగ్ గమ్ కూడ అందులకే వస్తది. ఆడోళ్ల డబ్బాల ఎక్కితే 100. నేల మీద గులాబీ గీత ఉంటది, దాన్ని చూసి నిలబడు. సిల్వర్ కార్డుతోని గోల్డ్ డబ్బా (ఎక్కువ ఛార్జీ ఉండే డబ్బా) ఎక్కితే 100. కార్డు లేకుంట దొరికితే 200. జీబ్రా లైన్ లేని కాడ రోడ్డు దాటితే 400. పది దినాల తిండి పైసలు ఒక్క నిమిషంల పోతయి. సర్కారు భవనాలు, మిలిటరీ జాగలు ఫోటో తియ్యకు. బీచ్ కాడ తెల్వనోళ్ల మీదికి కెమెరా పెట్టకు, కేసు అయితది.

ఇంకో మాట గట్టిగ చెప్త. విజిట్ వీసా మీద పని చేసుడు నేరం. "వారం ట్రయల్ చెయ్యి, నచ్చితే వీసా తీస్తం" అంటే నడవద్దు. 2024ల చట్టం మార్చిండ్రు. పర్మిట్ లేకుంట పనిల పెట్టుకున్న కంపెనీకి లక్ష నుంచి పది లక్షల దిర్హాముల దాకా జరిమానా. గంత భయం ఉన్నోడు పట్టుబడ్డనాడు "వీడు మావోడు కాదు" అంటడు. వీసా ఖర్చు, రిక్రూట్‌మెంట్ ఖర్చు చట్టం ప్రకారం కంపెనీదే, నీ దగ్గర పైసలు అడిగితే అక్కడనే ఆగు. ఆఫర్ లెటర్ అసలుదా కాదా అని ఇక్కడి కార్మిక శాఖ వెబ్‌సైట్‌ల నంబరు కొట్టి చూస్కో. అనుమానం ఉంటే భారత ప్రభుత్వ ప్రవాసీ భారతీయ సహాయతా కేంద్రం దుబాయ్‌లనే ఉంది, 80046342కు ఫోన్ చెయ్యి, పైసలు పడయి.

బర్‌దుబాయ్_అక్క

తమ్ముడూ, వాళ్లిద్దరూ ముఖ్యమైనవి చెప్పేశారు. నేను దారులు చెప్తాను.

మొదటి శనివారం పాత దుబాయ్ చూడు. అన్నిటికంటే చౌక అదే, నా దృష్టిలో అన్నిటికంటే బాగుండేదీ అదే. సాయంత్రం నాలుగింటికి షరఫ్ డీజీ స్టేషన్‌లో దిగి నడుచుకుంటూ అల్ ఫాహిది పాత వాడకి వెళ్లు. పగడపు రాయి, మట్టి కలిపి కట్టిన ఇళ్లు, వాటి మీద గాలిని కిందికి లాగే బురుజులు ఉంటాయి. కరెంటు లేని కాలంలో వీళ్ల ఏసీ అదే. సందులన్నీ ఉచితం. అక్కడి నుంచి బట్టల బజారు మీదుగా క్రీక్ (ఊరి మధ్య ఉప్పునీటి పాయ) ఒడ్డుకి వెళ్లి అబ్రా అనే చిన్న పడవ ఎక్కు. అవతలి డేరా ఒడ్డుకి ఒక్క దిర్హాము, చేతిలో చిల్లర ఉంచుకో. "మొత్తం పడవ మాట్లాడుకోండి" అని పిలిచేవాళ్ల దగ్గర ఆగకు, వరసలో అందరూ ఎక్కే పడవ చూసుకో. దిగగానే మసాలా బజారు, దాని వెనక గోల్డ్ సూక్, అంటే బంగారం బజారు. 63 కిలోలకు పైగా బరువున్న, గిన్నిస్ రికార్డు కెక్కిన ఉంగరం అక్కడే ఒక కొట్టు అద్దాల్లో పెట్టారు, చూడటానికి డబ్బులేం అడగరు. తిరిగి అల్ రాస్ స్టేషన్‌లో ఎక్కు. పోను 3, పడవ 1, రాను 5, మొత్తం 9 దిర్హాములు.

మిగతావి ఇంటర్వ్యూలతో కలుపుకో. మీడియా సిటీ, ఇంటర్నెట్ సిటీ, జేఎల్‌టీలో ఇంటర్వ్యూ ఉంటే ఎలాగూ 5 దిర్హాములు పెట్టి అంత దూరం వెళ్తావు. పని అయ్యాక మెరీనా కాలవ పక్కన నడిచి జేబీఆర్ బీచ్‌కి పో, అదనంగా పైసా ఖర్చు ఉండదు. బ్యాగులో ఒక జత చెప్పులు పడేసుకో, ఫార్మల్ బూట్లతో ఇసుకలో నడిస్తే మర్నాడు ఇంటర్వ్యూకి వేసుకోవడానికి పనికిరావు. బిజినెస్ బేలో ఇంటర్వ్యూ అయితే అలాగే దుబాయ్ మాల్‌కి. ఫౌంటెన్ సాయంత్రం ఆరు దాటాక అరగంటకోసారి ఆడుతుంది, ఉచితం. స్టేషన్ నుంచి మాల్‌కి ఏసీ వంతెన మీద పావుగంట నడక, సెలవు రోజుల్లో అక్కడే జనం ఆగిపోతారు. మామూలు రోజు సాయంత్రం వెళ్లు.

బుర్జ్ ఖలీఫా పైకి ఎక్కే టికెట్ నీ నాలుగైదు రోజుల బడ్జెట్‌ని మింగేస్తుంది. ఆఫర్ చేతికొచ్చాక ఎక్కు. 828 మీటర్ల భవనం కిందినుంచే నిండుగా కనిపిస్తుంది. ఫోటో ఫ్రేమ్ ఆకారంలో కట్టిన ఎత్తైన కట్టడం దుబాయ్ ఫ్రేమ్ 50 దిర్హాములు, దాన్ని కూడా వదిలేయొచ్చు. మ్యాక్స్ స్టేషన్ దగ్గర జబీల్ పార్కుకి 5 దిర్హాములిచ్చి వెళ్తే ఫ్రేమ్ అక్కడినుంచి చక్కగా కనిపిస్తుంది. పార్కు గేటు దగ్గర నోల్ కార్డే పనిచేస్తుంది. బస్సులో కూర్చుని ఊరు చూడాలంటే జుమేరా రోడ్డు వెంట వెళ్లే 8వ నంబరు ఎక్కు, సముద్రం పక్కనే చాలా దూరం పోతుంది.

గదిలో నలుగురైదుగురు ఉన్నప్పుడు కూర్చుని దరఖాస్తులు పెట్టుకోవడం కష్టం. అల్ జద్దాఫ్‌లో మొహమ్మద్ బిన్ రషీద్ లైబ్రరీ ఉంది. 2022లో తెరిచారు, గ్రంథం పెట్టుకునే పీఠం ఆకారంలో ఏడంతస్తులు కట్టారు. ప్రవేశం ఉచితం, ముందుగా ఆన్‌లైన్‌లో పేరు నమోదు చేసుకోవాలి. వైఫై, ఏసీ, నిశ్శబ్దం అన్నీ ఉంటాయి. గ్రీన్ లైన్‌లో క్రీక్ స్టేషన్. చూడదగ్గ కట్టడం, పని చేసుకునే చోటు రెండూ ఒకటే అయ్యాయి కాబట్టి నిన్ను వారానికి ఒక రోజైనా అక్కడికి పొమ్మంటాను.

తిండికి కరామా, బర్ దుబాయ్‌లలో మన మీల్స్ 12 నుంచి 18 దిర్హాముల మధ్య, రెండు పరోటాలూ కూరా 6–8, కరక్ చాయ్ ఒకటి, ఒకటిన్నర. మధ్యాహ్నం మీల్స్, రాత్రి గదిలో వండుకుంటే 40లో ప్రయాణం కూడా సర్దుకుంటుంది. జెబెల్ అలీలో హిందూ దేవాలయం, గురుద్వారా పక్కపక్కనే ఉన్నాయి. గురుద్వారాలో లంగర్ (ఉచిత భోజనం) ఎవరికైనా పెడతారు, తల మీద గుడ్డ కప్పుకోవాలి.

కోనసీమ_కామర్స్

అందరికీ చాలా థాంక్సండీ. పాస్ కొనకుండా సిల్వర్ కార్డుతోనే మొదలుపెడతాను. ఇంకో రెండు సందేహాలు. అబుదాబి గుడి, పెద్ద మసీదు ఒకే రోజులో అవుతాయా? ఇండియా నంబరు వాట్సాప్‌తో ఇంటర్వ్యూ కాల్స్ నడుస్తాయా?

కరామా_లెక్కలు

వాట్సాప్ మెసేజ్‌లు వస్తాయి, కాల్స్ ఇక్కడ పనిచేయవు. హెచ్‌ఆర్ వాళ్లు ఇండియా నంబరుకి ఫోన్ చేయడానికి ఇష్టపడరు. దిగిన రోజే లోకల్ సిమ్ తీసుకుని సీవీలో పాత నంబరు తీసేయండి, వీసా ఎప్పటిదాకా ఉందో కూడా సీవీలో రాయండి. ఇంటికి మాట్లాడటానికి బోటిమ్ అనే కాలింగ్ యాప్ పెట్టుకోండి.

అబుదాబి ఒక రోజులో అవుతుంది, కానీ సోమవారం వద్దు, గుడి మూసి ఉంటుంది. 2024 ఫిబ్రవరిలో తెరిచిన ఆ బాప్స్ (స్వామినారాయణ సంస్థ) మందిరం ఊరి బయట అబు మురైఖాలో ఉంది. మందిరానికీ షేక్ జాయెద్ మసీదుకీ రెండిటికీ ప్రవేశం ఉచితమే, కానీ ముందే ఆన్‌లైన్‌లో నమోదు చేసుకోవాలి. మోచేతులు, చీలమండల దాకా ఒళ్లు కప్పే బట్టలు తప్పనిసరి. కరామా నుంచి మీకు దగ్గర అల్ గుబైబా స్టాండు, అక్కడ ఈ100 బస్సు ఎక్కండి. ఒక వైపు 25 దిర్హాములు. డ్రైవరు నగదు తీసుకోడు, నోల్‌లో రానూపోనూ 50 ముందే ఉండాలి. శనివారం పొద్దున్నే బయల్దేరండి. ఆదివారం సాయంత్రం అబుదాబి స్టాండులో దుబాయ్ క్యూ చాలా పొడుగ్గా ఉంటుంది, సోమవారం ఇంటర్వ్యూ ఉన్నవాళ్లు ఆ రోజు పెట్టుకోకపోవడమే మంచిది.