చర్చ: బండి నడుస్తుండగా ఫోను – పూర్తిగా నిషేధించాలా, హ్యాండ్స్‌ఫ్రీకి అనుమతించాలా?

రవాణా_విభాగం
మా సంస్థలో 38 ట్రక్కులు తిరుగుతున్నాయి. డ్రైవర్ల ఫోను వాడకంపై నియమావళి రాసే పని నాకు అప్పగించారు. ఇప్పటివరకు ఉన్నదల్లా గోడకు అంటించిన ఒక కాగితం. నాలుగు విషయాల్లో మీ అనుభవం కావాలి. చేత్తో పట్టుకుని మాట్లాడటం ఎలాగూ నిషేధమే, మరి హ్యాండ్స్‌ఫ్రీని అనుమతించాలా? క్యాబిన్‌లో డ్రైవర్ వైపు కెమెరా పెడితే ప్రయోజనం ఉంటుందా? మొదటిసారి దొరికినవారిని ఏం చేయాలి, రెండోసారి దొరికితే ఏం చేయాలి? సంస్థ తరఫున వేరే ఫోను ఇచ్చి, సొంత ఫోను సంచిలో పెట్టించడం సాధ్యమేనా?

దూరప్రయాణం
డ్రైవర్ ఏం చేయకూడదో రాసే ముందు, నడుస్తున్న బండికి ఫోను చేసేది ఎవరో రాయండి. మొన్నటి ట్రిప్పులో ఎనిమిది గంటల్లో ఆఫీసు నుంచి నాకు పదకొండు ఫోన్లు వచ్చాయి. ఎక్కడిదాకా వచ్చావు, ఇంకా ఎంతసేపు, ఐదింటికి గేటు మూసేస్తారట, తొందరగా రా. బండికి జీపీఎస్ ఉంది. నేనెక్కడున్నానో వాళ్ల తెర మీద కనిపిస్తూనే ఉంటుంది. అయినా అడుగుతారు. ఎత్తకపోతే 'ఫోను ఎత్తడు' అని పేరు పెడతారు. ఎత్తితే నిబంధన దాటినట్టు. జరిమానా పడినప్పుడు ఆ పదకొండు ఫోన్ల సంగతి ఎవరికీ గుర్తుండదు.

లోడింగ్_బల్ల
ఆ ఫోన్లు చేసే పని నాది. తిట్టే ముందు మా వైపు కూడా వినండి. తెర మీద చుక్క ఆగిపోయిందంటే టైరు పేలిందో, రద్దీలో చిక్కుకున్నాడో, ఒంట్లో బాగాలేక పక్కకు తీశాడో చుక్క చెప్పదు. అవతల సరుకు యజమాని అరగంటకోసారి నన్ను అడుగుతుంటాడు.

అయితే దూరప్రయాణం గారు చెప్పింది నిజం. అందుకే రెండేళ్ల క్రితం మా దగ్గర పద్ధతి మార్చుకున్నాం. చుక్క కదులుతుంటే ఫోను చేయకూడదు. సందేశం పెట్టి ఊరుకోవాలి, డ్రైవర్ బండి ఆపినప్పుడు చూసుకుంటాడు. మొదటి నెలంతా సరుకు యజమానులు మండిపడ్డారు. తరువాత అలవాటు పడ్డారు.

శిక్షణ_22ఏళ్లు
నేను 22 ఏళ్లుగా భారీ వాహనాల డ్రైవర్లకు శిక్షణ ఇస్తున్నాను. ఇక్కడ ఎవరికి వారు తమ గోడు చెప్పుకుంటున్నారు కాబట్టి లెక్కలు నేను చెబుతాను. ట్రక్కుల్లో కెమెరాలు అమర్చి వర్జీనియా టెక్ రవాణా పరిశోధన సంస్థ చేసిన అధ్యయనం 2009లో వెలువడింది. సందేశం టైపు చేస్తున్న డ్రైవర్‌కు ప్రమాదమో, త్రుటిలో తప్పే ప్రమాదమో ఎదురయ్యే అవకాశం 23 రెట్లు పెరిగింది. ఆరు సెకన్లలో సుమారు 4.6 సెకన్లు చూపు రోడ్డు మీద లేదు. గంటకు 88 కిలోమీటర్ల వేగంలో అది 110 మీటర్లకు పైనే. కళ్లకు గంతలు కట్టుకుని లోడు బండిని అంత దూరం తోలినట్టు! పైగా ఎయిర్ బ్రేకు, పెడల్ తొక్కగానే పట్టదు. చక్రానికి గాలి చేరేసరికి మరో అర సెకను పోతుంది.

హ్యాండ్స్‌ఫ్రీ విషయంలో నా మాట ఒక్కటే. చేతులు ఖాళీగా ఉన్నా మనసు అవతలి మనిషి దగ్గర ఉంటుంది. పూర్తిగా నిషేధించండి.

రాత్రిబండి
శిక్షకుడు గారూ, అధ్యయనం చెప్పినప్పుడు మొత్తం చెప్పండి. నంబరు నొక్కితే ప్రమాదం ఆరు రెట్లని, టైపు చేస్తే 23 రెట్లని చెప్పిన ఆ అధ్యయనమే, ట్రక్కు డ్రైవర్లు హ్యాండ్స్‌ఫ్రీలో మాట్లాడుతున్నప్పుడు ప్రమాద అవకాశం పెరగలేదని, పైగా తగ్గిందని చూపింది. ఆ ముక్క ఎందుకు వదిలేశారు?

నేను 16 ఏళ్లుగా రాత్రిళ్లు నడుపుతున్నాను. మూడు దాటాక కళ్లు తెరుచుకునే ఉంటాయి, కానీ రోడ్డు మధ్య తెల్లగీతలన్నీ కలిసి ఒకే దారంలా సాగుతుంటాయి. అప్పుడు నా చెవిలో మా బావమరిది గొంతు ఉంటుంది. అతనూ డ్రైవరే, ఇంకో దారిలో ఇంకో బండి మీద ఉంటాడు. ఏదో ఒకటి మాట్లాడుకుంటాం. ఆ గొంతు లేకపోతే నేను ఈపాటికి ఏ గుంతలోనో ఉండేవాణ్ని.

శిక్షణ_22ఏళ్లు
కావాలని వదిలేయలేదు. మాట్లాడితే నిద్ర తీరదు, నిద్ర వస్తోందన్న సంగతి మరుగున పడుతుంది, అంతే. 2010 మార్చిలో అమెరికాలోని కెంటకీలో తెల్లవారుజామున ఒక ట్రక్కు రోడ్డును విడదీసే మధ్య భాగం దాటి ఎదురుగా వస్తున్న వ్యాన్‌ను ఢీకొట్టింది. ట్రక్కు డ్రైవర్‌తో కలిపి 11 మంది చనిపోయారు. అతని ధ్యాస ఫోను మీదకు మళ్లడమే కారణమని అక్కడి జాతీయ రవాణా భద్రతా మండలి తేల్చింది. వాణిజ్య వాహన డ్రైవర్లకు హ్యాండ్స్‌ఫ్రీ కూడా వద్దని 2011లో సిఫార్సు చేసింది. మీ బావమరిది గొంతు మీద భరోసా పెట్టుకుని 40 టన్నులు నడుపుతానంటే నా తరగతిలో మిమ్మల్ని ఉత్తీర్ణుల్ని చేయను.

రాత్రిబండి
మీ ఉత్తీర్ణత నాకు అవసరం లేదు. ఆ సిఫార్సు వచ్చాక కూడా 2012 జనవరిలో అమెరికాలో అమలైన నిబంధన చేత్తో పట్టుకునే ఫోనునే నిషేధించింది, హ్యాండ్స్‌ఫ్రీని వదిలింది. నిబంధన రాసినవాళ్లకు మీకు తెలిసినంత తెలియదా?

శిక్షణ_22ఏళ్లు
చట్టం చెప్పేది కనీస హద్దు. సంస్థ అంతకంటే కఠినంగా ఉండవచ్చు. నిద్ర వస్తే బండి ఆపి ఇరవై నిమిషాలు పడుకోండి. దీనికి ఇంత వాదన ఎందుకు?

రాత్రిబండి
ఆపి పడుకోమనడానికి ఒక్క మాట చాలు. ఆపడానికి 18 మీటర్ల చోటు కావాలి! రాత్రి పదకొండు దాటితే ఆగే స్థలాలన్నీ నిండిపోయి ఉంటాయి. రోడ్డు పక్కన ఆపితే వెనక నుంచి వచ్చే బండి గుద్దుతుందన్న భయం. 22 ఏళ్లలో మీరు ఎన్ని రాత్రులు లోడుతో నడిపారో ముందు చెప్పండి.

నిర్వాహకుడు
ఇద్దరూ మర్యాద దాటుతున్నారు. విషయం మీదే మాట్లాడండి.

పాతచక్రం
రాత్రిబండి తమ్ముడూ, నీ బాధ నాకు తెలుసు. ముప్పై ఏళ్లు నేనూ చక్రం ముందే కూర్చున్నాను. కానీ నన్ను దెబ్బ తీయబోయింది మాట కాదు, ఫోను జారిపోవడం.

డాష్‌బోర్డు మీద ఊరికే పెట్టిన ఫోను మలుపులో జారి నా కాళ్ల దగ్గర పడింది. అప్పుడే మోగుతోంది. బ్రేకు పెడల్ కిందికి వెళుతుందేమోనని ఎడమచేత్తో వెతుకుతూ వంగాను. తల ఎత్తేసరికి ముందు ట్రైలర్ వెనక తలుపుల మీది గొళ్లెం కనిపించింది. గొళ్లెం మీద తుప్పు కూడా కనిపించింది. అంత దగ్గర! బ్రేకు మీద నిలబడ్డాను. ఆ వేళ ఎలా ఆగిందో ఇప్పటికీ చెప్పలేను. పక్కకు తీశాక పది నిమిషాలు కాళ్లు నేల మీద ఆనలేదు.

రవాణా_విభాగం గారూ, మీరు ఇంకేం రాసినా రాయకపోయినా ఈ ఒక్క వాక్యం రాయండి: కిందపడిన ఫోను కోసం బండి ఆపకుండా వంగకూడదు. సీటులో నుంచి వంగి ఫోను అందుకోవడం కూడా ఆ అమెరికా నిబంధనలో తప్పే.

అద్దంచూపు
ఫోను స్టాండు కూడా ముఖ్యం. అద్దానికి మధ్యలో అతికిస్తారు, అదే చోట పాదచారి కనిపించకుండా పోతాడు. స్టీరింగు పక్కన, డాష్‌బోర్డు అంచు కిందికి ఉండాలి.

దూరప్రయాణం
అంత కిందికి పెడితే దారి చూడటానికి తల దించాలి. కళ్లు కదిపితే కనిపించేంత ఎత్తులో ఉండాలి.

అద్దంచూపు
దారిని చూడనక్కరలేదు, వినాలి. గమ్యం బండి కదలకముందే నమోదు చేసుకోవాలి. భారత్‌లో 2020 అక్టోబరు నుంచి ఉన్న నిబంధన కూడా చేతిఫోనును దారి చూసుకోవడానికే వాడవచ్చంటుంది, అదీ ఏకాగ్రత చెదరకుండా.

ఇక కెమెరా సంగతి. మా బండ్లలో ఉంది. చెవి దగ్గర చేయి పెట్టి గోక్కుంటే ఫోను మాట్లాడుతున్నానని కూత పెడుతుంది. పక్క అద్దం రెండుసార్లు చూస్తే ధ్యాస తప్పిందంటుంది. ఒక నెలలో నా మీద 40 హెచ్చరికలు వచ్చాయి. కూర్చుని ఒక్కొక్క దృశ్యం చూపించమని పట్టుబట్టాను. 31 తప్పు! మిగతా తొమ్మిదిలో మూడుసార్లు నిజంగానే ఫోను చూశాను, ఒప్పుకున్నాను. మనిషి చూడకుండా యంత్రం కూతను బట్టి జీతం కోస్తే డ్రైవర్లు కెమెరాకు గుడ్డ కప్పేస్తారు.

లోడింగ్_బల్ల
కెమెరాను తీసిపారేయకండి. 2016లో ఇంగ్లండ్‌లో ఒక లారీ డ్రైవర్ నడుపుతూ ఫోనులో పాట మారుస్తూ ఆగి ఉన్న కార్లను గుద్దాడు. నలుగురు చనిపోయారు. పదేళ్ల శిక్ష పడింది. చూపు ఎంతసేపు రోడ్డు మీద లేదో చూపించింది క్యాబిన్ కెమెరానే. తరువాత 2022 మార్చిలో బ్రిటన్ చట్టాన్ని బిగించి పాటలు వెతకడం, ఫొటోలు తీయడం కూడా నేరమే అంది. ఎర్రదీపం దగ్గర ఆగి ఉన్నా అంతే.

రాత్రిబండి
ఎర్రదీపం దగ్గర కూడానా? బండి కదలనప్పుడు ఎవరికి నష్టం?

పాతచక్రం
పచ్చదీపం పడగానే వెనకవాడు హారన్ కొడతాడు. నువ్వు ఉలిక్కిపడి, ముందు ఎవరున్నారో చూడకుండా గేరు వేస్తావు. మన బండి ముక్కు కింద మనిషి నిలబడితే మనకు కనిపించడు తమ్ముడూ.

ఇంటి_నుంచి
నేను డ్రైవర్‌ను కాదు, డ్రైవర్ భార్యను. అందరూ ఆఫీసు ఫోన్లే అంటున్నారు. సగం ఫోన్లు మావి. ఒకసారి మా అబ్బాయికి జ్వరం వచ్చి నేను వరుసగా నాలుగుసార్లు చేశాను. ఆయన ఎత్తి 'ఆగు, మలుపులో ఉన్నాను' అన్నారు. వెనక టైర్లు రాసుకున్న చప్పుడు నాకు ఫోనులో వినిపించింది. ఆ చప్పుడు విన్నాక చాలా రోజులు నాకు సరిగా నిద్ర పట్టలేదు. అప్పటి నుంచి మాది ఒకటే ఒప్పందం. నేను ఒక్కసారి చేసి పెట్టేస్తాను. ప్రాణం మీదికొస్తే మాత్రం వెంటవెంటనే మూడుసార్లు. ఆయన పక్కకు తీసి చేస్తారు. మీ నియమావళి కాగితం ఒకటి ఇళ్లకు కూడా పంపండి. అందులో ఏముందో మాకు ఎవరూ చెప్పరు.

శిక్షణ_22ఏళ్లు
ఇంటి_నుంచి గారు చెప్పిన పద్ధతి నా పాఠంలో చేర్చుకుంటాను. రాత్రిబండి గారూ, మీరు అడిగారు కాబట్టి చెబుతున్నాను. శిక్షకుడిని కాకముందు నేను ఏడేళ్లు లోడు నడిపాను. అందులో రాత్రులు తక్కువే. హ్యాండ్స్‌ఫ్రీ మీద నా మాట మార్చుకోను. ఆగే చోట్లు లేవన్నది మాత్రం కాదనలేను.

రాత్రిబండి
సరే. నేను కూడా నంబరు నొక్కను. మా బావమరిదే చేస్తాడు, చెవిలోని బటన్ ఒక్కసారి నొక్కుతాను, అంతే. అది తప్పంటే సంస్థ మాకు ఆగే చోటు ముందే చూసి పెట్టాలి.

రవాణా_విభాగం
అందరికీ కృతజ్ఞతలు. కదులుతున్న బండికి ఆఫీసు నుంచి ఫోను చేస్తే ముందు ఆఫీసువారి మీదే చర్య అన్న మాటను మొదటి పేజీలో పెడుతున్నాను. అమెరికా నిబంధనలోనూ డ్రైవర్‌తో అలా ఫోను వాడించే సంస్థకు డ్రైవర్‌కంటే పెద్ద జరిమానా ఉంది. పాతచక్రం గారి వాక్యం కూడా ఉంటుంది. హ్యాండ్స్‌ఫ్రీ మీద ఇంకా ఆలోచిస్తున్నాను. సొంత ఫోను సంచిలో పెట్టించడం గురించి ఎవరూ చెప్పలేదు.

దూరప్రయాణం
సంచి సీటు వెనక పడక మీద ఉండాలి, పక్కసీటులో కాదు. పక్కసీటులో ఉంటే మోగినప్పుడల్లా చేయి అటే పోతుంది. ఇక మీరిచ్చే ఫోనులో ఆఫీసు నంబరుతో పాటు ఇంటి నంబరు కూడా ఉండనివ్వండి. లేకపోతే ఎవరూ సొంత ఫోను సంచిలో పెట్టరు.