జాయింట్ అవుటింగ్‌లో జాలరికి డబ్బిచ్చి వల వేయించడం: ఓకేనా, కాదా?

కృష్ణ_ఒడ్డు:
వచ్చే నెల మా బెజవాడ ఫోటోగ్రఫీ క్లబ్బు, హైదరాబాద్ క్లబ్బు ఒకటి కలిసి ఒకరోజు ప్రోగ్రాం పెట్టుకున్నాం. తెల్లవారుజామున ప్రకాశం బ్యారేజీకి ఎగువన నదిలో షూట్, టిఫిన్లయ్యాక ఉండవల్లి గుహలు, మధ్యాహ్నం నుంచి కొండపల్లిలో బొమ్మలు చేసేవాళ్ల దగ్గర. ఇంతవరకు పేచీ లేదు. అయితే విసురు వల వేసే జాలరిని ముందే మాట్లాడిపెట్టమని హైదరాబాద్ వాళ్లు అడుగుతున్నారు. ఎండ పడే టైముకి ఆయన పడవ మీద నిలబడి మేం చెప్పినప్పుడల్లా వల విసరాలి, డబ్బు అందరం తలా కొంత వేసుకుంటాం. మా వాళ్లలో సగం మంది అది ఫోటోగ్రఫీ కాదు నాటకం అంటున్నారు. వాట్సాప్ గ్రూపులో గొడవ తెగట్లేదు, అందుకే ఇక్కడ పెట్టా.

రాత్రిబస్సు:
అడిగినవాళ్లలో నేనూ ఉన్నాను కాబట్టి చెప్తున్నా. 275 కిలోమీటర్లు రాత్రంతా కూర్చుని వస్తాం, మంచి వెలుతురు ఉండేది మహా అయితే అరగంట, ఆ అరగంటలో జాలరి రాకపోతే ఉత్త నీళ్ల ఫోటోలు తీసుకుని ఇంటికి పోవాలా? ప్యారిస్‌లో రోడ్డు మీద ముద్దు పెట్టుకునే జంట ఫోటో, 1950లో రాబర్ట్ డ్వానో తీసింది, అందరం గోడకి తగిలించుకున్నదే కదా. ఆ ఇద్దరూ డ్రామా స్టూడెంట్లు, ఆయన అడిగితే చేశారు. ఫోటో గొప్పతనం ఏమైనా తగ్గిందా? పైగా ఇక్కడ ఒక పేదవాడికి పొద్దున్నే నాలుగు డబ్బులు వస్తాయి.

సలోన్_తాతయ్య:
బాబూ, డ్వానో జంట సంగతి 1990ల్లో కోర్టు కేసయితే గానీ బయటకు రాలేదు, అది కూడా చెప్పు మరి. నా గొడవ డబ్బిచ్చినందుకు కాదు. తీసింది సలోన్‌లో, అంటే ఫోటో పోటీలో, ఏ సెక్షన్‌కి పంపుతున్నారన్నది అసలు ప్రశ్న. ఫోటో ట్రావెల్ సెక్షన్ రూల్ చదవండి, ఫోటో కోసమే ఏర్పాటు చేసిన సందర్భాలు, డబ్బిచ్చి తెచ్చుకున్న మనుషులు, ఇలా నిలబడు అలా నిలబడు అని చెప్పి తీసినవి కుదరవని స్పష్టంగా ఉంది. ఫోటో జర్నలిజానికీ అంతే. ఓపెన్ కలర్‌కి పంపుకోండి, మోనోక్రోమ్ చేసుకోండి, ఎవరూ కాదనరు. కానీ మనవాళ్లు యాక్సెప్టెన్స్‌లు (పోటీలో ఎంపికైన ఫోటోలు) లెక్కేసుకునే ఆత్రంలో అదే ఫోటోని ట్రావెల్లోనూ తోసేస్తారు. 2009 వైల్డ్‌లైఫ్ ఫోటోగ్రాఫర్ ఆఫ్ ద ఇయర్ పోటీలో గేటు మీంచి దూకే తోడేలుకి పెద్ద బహుమతి ఇచ్చి, అది మచ్చిక చేసిన జంతువై ఉంటుందని తేల్చి 2010 జనవరిలో వెనక్కి తీసుకున్నారు.

రాత్రిబస్సు:
తాతగారూ, తోడేలు నేచర్ ఫోటో, అందులో అబద్ధం చెప్పారు. మేం ఎవరికీ అబద్ధం చెప్పట్లేదు కదా.

రేవు_కుర్రాడు:
"పేదవాడికి నాలుగు డబ్బులు" అన్న అన్నకి ఒక మాట. మా నాన్న వల వేస్తాడు. వల అంచు పొడుగునా సీసం గుళ్లుంటాయి, తడిసిన వల బరువు ఎంతో ఎత్తి చూస్తే తెలుస్తుంది, కొంత మోచేతి మీద వేసుకుని, కొంత పంటితో పట్టి, నడుము తిప్పి విసిరితే గుండ్రంగా విచ్చుకుంటుంది. వేటకెళ్లినప్పుడు ఊరికే విసరడు. నీళ్లలో కదలిక కోసం వల భుజాన వేసుకుని చాలాసేపు కదలకుండా నిలబడతాడు. అది ఎవరూ తీయరు. మీరొస్తే "ఇంకోసారి", "కొంచెం ఎడమకి", "ఎండ వచ్చాక మళ్లీ" అని గంటసేపు విసిరిస్తారు, పెళ్లిలో తాళి మళ్లీ కట్టమన్నట్టు. తర్వాత భుజం పట్టేస్తే ఆ రోజు వేట పోయినట్టే. డబ్బు ఇవ్వొద్దనట్లేదు, ఒక పూట వేటకి సరిపడా ఇవ్వండి, ఎన్నిసార్లన్నది ముందే చెప్పండి. ఇంకోటి, మీ ఫోటోల్లో లుంగీ పొడిగా, వల ఖాళీగా ఉంటుంది, మా ఊళ్లో చిన్నపిల్లాడైనా పట్టేస్తాడు :)

సలోన్_తాతయ్య:
పొడి లుంగీ! ఇకమీద జడ్జింగ్‌కి కూర్చుంటే ముందు అదే చూస్తా.

మబ్బు_వెలుతురు:
అందరూ నైతికత గురించి మాట్లాడుతున్నారు, నాకైతే ఇదంతా బోర్. ముప్పై మంది ఒకే ఒడ్డున, ఒకే జాలరిని, ఒకే ఎండలో తీసి రెండు క్లబ్బుల నుంచీ ఒకే సలోన్‌కి పంపితే జడ్జికి ఒకే వల పదిసార్లు కనిపిస్తుంది. పైగా ఆ ఐడియా ఎవరిదని రెండు క్లబ్బులూ కొట్టుకుంటాయి, కొట్టుకోకపోతే అడగండి. ఇంకో క్లబ్బుతో కలిసి వెళ్లేది వాళ్ల చూపు ఎలా ఉందో తెలుసుకోవడానికి అనుకున్నా నేను. అయినా వల మీదే ఎందుకింత రచ్చ? కొండపల్లిలో తెల్ల పొణికి కర్ర చెక్కే ఆయన్ని "ఉలి అలాగే పట్టుకోండి, ఇటు చూడండి" అని ఆపుతారుగా, ఆయన పని పోవట్లేదా? అక్కడ డబ్బిచ్చే ఆలోచన ఎవరికీ రాలేదే!

రాత్రిబస్సు:
అక్కడ బొమ్మలు కొంటాం కదండీ.

మబ్బు_వెలుతురు:
ముప్పై మందిలో ఎంతమంది కొంటారో చూద్దాం.

కృష్ణ_ఒడ్డు:
రెండు క్లబ్బుల అడ్మిన్లతో మాట్లాడా. జాలరిని పిలుస్తున్నాం. ఒక పూట వేటకి ఎంతో ఆయన్నే అడిగి అంతా ఇస్తాం, పదిసార్లకి మించి విసరమని అడగం, మధ్యలో డైరెక్షన్ ఒక్కరే ఇస్తారు. ఆ ఫోటోలు ట్రావెల్‌కి పంపకూడదని రెండు గ్రూపుల్లోనూ పిన్ చేశాం. పంపితే ఏం చేయాలన్నది మాత్రం తేలలేదు, హైదరాబాద్ వాళ్లు "అది వాళ్ల ఇష్టం" అంటున్నారు. వల షూట్ వద్దన్నవాళ్లు అదే టైముకి సీతానగరం వైపు వెళ్తారు, అటు కారు కావాలి, ఖాళీ ఉన్నవాళ్లు చెప్పండి.

సలోన్_తాతయ్య:
నా కారులో ముగ్గురికి చోటుంది. పొద్దున్న ఐదింటికి బయల్దేరతా, ఎవరి కోసమూ ఆగను.